నలుగురు మిగిలారు, బహుమతులు మూడే: ఆసు–రాణితో ఆల్-ఇన్ కాల్ చేయడం తప్పా?

పానగల్లు గట్టు
అందరికీ నమస్తే. దసరా మరునాడు పాలమూరులో ఆడిన పోకర్‌లో ఒక్క హ్యాండ్ (ఒకసారి ముక్కలు పంచి ఆడిన ఆట) పదిహేను రోజులుగా నా బుర్రలో తిరుగుతూనే ఉంది. ముందే చెబుతున్నా, ఇది డబ్బు పందెం కాదు. ఎవరూ రూపాయి కట్టలేదు. సెలవుకు అమెరికా నుంచి వచ్చిన మా చిన్నబావ చిప్స్ (ఆట బిళ్లలు) పెట్టె తెచ్చాడు, బహుమతులు కూడా తనే పెట్టాడు. మొదటి వాళ్లకు 10,000 రూపాయల కూపన్, రెండో వాళ్లకు 6,000, మూడో వాళ్లకు 4,000. నాలుగో వాళ్లకు ఏమీ లేదు. ముక్కలు పంచింది కూడా ఆయనే.

12 మందిమి కూర్చున్నాం, తలా 10,000 చిప్స్. రాత్రి పదకొండు దాటేసరికి నలుగురం మిగిలాం. పెద్దబావ దగ్గర 50,000, నా దగ్గర 30,000, మా వదిన తమ్ముడి దగ్గర 32,000, పక్కింటి డిగ్రీ పిల్లగాడి దగ్గర 8,000. బటన్ అనే గుర్తు ఎవరి దగ్గరుంటే వాళ్ల తర్వాతి ఇద్దరు ముక్కలు చూడకముందే తప్పక పెట్టాల్సిన చిప్స్‌ను బ్లైండ్స్ అంటారు, అప్పుడు స్మాల్ 1,000, బిగ్ 2,000. బటన్ పిల్లగాడి దగ్గర ఉంది. వదిన తమ్ముడు, పిల్లగాడు ఇద్దరూ ఫోల్డ్, అంటే ముక్కలు పారేశారు. స్మాల్ బ్లైండ్‌లో ఉన్న పెద్దబావ తన ముక్కలు ఒకసారి చూసుకుని, రెండు అరచేతులతో చిప్స్ మొత్తం జంపఖానా మీద నా వైపు తోసేశాడు. ఆల్-ఇన్.

నేను బిగ్ బ్లైండ్. ముక్కల అంచు ఎత్తి చూస్తే ఆసు, రాణి. రంగు వేరు. కాల్ అన్నాను, అంటే నావీ మొత్తం పెట్టేశాను.

బావ చూపించింది పది, ఎనిమిది. ఇద్దరికీ ఉమ్మడిగా మధ్యలో తిప్పే ఐదింటిలో మొదటి మూడు ముక్కలు ఆసు, ఎనిమిది, మూడు. నాలుగోది రాణి. ఆ క్షణంలో నేను ఫస్ట్ ప్రైజ్ దాకా పోయాను మనసులో. ఐదోది ఎనిమిది పడింది. బావకు మూడు ఎనిమిదులు, నా రెండు జతల కంటే పెద్దవి. నేను నాలుగో స్థానం, ఖాళీ చేతులు.

"నువ్వు కరెక్టే ఆడినవ్, దురదృష్టం" అని అందరూ ఓదార్చారు. నాకేమో ఎక్కడో తప్పు చేశానని అనిపిస్తోంది, కానీ అదేంటో చెప్పలేకపోతున్నా. ఓడిపోయినందుకే అలా అనిపిస్తోందా, నిజంగానే తప్పు ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.

జడ్చర్ల జంక్షన్
తమ్ముడూ, ఇందులో ఆలోచించడానికి ఏముంది? మిగతా ఇద్దరూ తప్పుకున్నాక స్మాల్ బ్లైండ్ వాడు ఏ ముక్కలతోనైనా తోస్తాడు. నీ దగ్గర ఆసు–రాణి. కాల్. పది–ఎనిమిది మీద నువ్వు నూటికి అరవై పైచిలుకు ముందున్నావు. ఐదో ముక్క నీ చేతిలో లేదు. ప్రశాంతంగా పడుకో.

దేవరకొండ కోట
జంక్షన్ అన్న మాటే నాది కూడా. లెక్క రాసి చూపిస్తా. బావ 50,000 తోసినా నీ దగ్గర ఉన్నంత వరకే పోటీ, అంటే 30,000. బిగ్ బ్లైండ్‌గా 2,000 ముందే పెట్టావు, ఇంకా పెట్టాల్సింది 28,000. గెలిస్తే నీ ముందుకు వచ్చేది 60,000. 28ని 60తో భాగిస్తే సుమారు 46.7. నూటికి 47 సార్లు గెలిచే ముక్కలుంటే చాలు, కాల్ నష్టం కాదు. ఎదుటివాడు కళ్లు మూసుకుని తోస్తే ఆసు–రాణి 64 సార్లు గెలుస్తుంది. 60,000లో 64 శాతం అంటే 38,400. ఫోల్డ్ చేస్తే మిగిలేది 28,000. ఈ కాల్‌తో సగటున 10,000 చిప్స్ లాభం. ఇంతకంటే మంచి అవకాశం ఆ రాత్రి నీకు మళ్లీ రాదు.

గద్వాల జరీ
లెక్కలో తప్పు లేదు గానీ నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు. నేను పోకర్ ఆడింది తక్కువ, మా ఇంట్లో చిన్నప్పటి నుంచి 101 పూల్ రమ్మీ, 101 పాయింట్లు చేరినవాళ్లు అవుట్. అందులో ఒకరి స్కోరు 85 అయిందనుకోండి. ఆ మనిషికి ఇక డ్రాప్ (20 పాయింట్లు వేయించుకుని ఆడకుండా తప్పుకోవడం) కూడా లేదు, 20 కలిస్తే 101 దాటి అవుట్. ఏ ముక్కలొచ్చినా ఆడాల్సిందే. అప్పుడు 40 మీద ఉన్న నాకు అంతంతమాత్రం ముక్కలొస్తే ఏం చేస్తాను? 20 ఇచ్చి డ్రాప్ అయిపోతా. ఆ 85 మనిషి పోయేదాకా ఓపిక పడతా. మంచి ముక్కలే కదా అని ఆడి 80 వేయించుకుంటే, ఆ మనిషి కంటే ముందు నేనే లేచిపోతా.

ఇక్కడ 8,000 చిప్స్ ఉన్న పిల్లగాడు ఆ 85 మనిషి. నాలుగు బిగ్ బ్లైండ్లు, అంతే అతని బతుకు. అతను ఇంకా కూర్చుని ఉండగా మీరు, 30,000 ఉన్నవారు, అందరికంటే ఎక్కువ చిప్స్ ఉన్న బావతో మొత్తం ఒడ్డి ముందే లేచిపోయారు. నాకు కనిపించిన తప్పు ఇదే.

నిర్వాహకుడు
చర్చ బాగుంది, సాగనివ్వండి. కొత్తగా చేరినవారికి ఒక్క మాట. డబ్బు పెట్టి ఆడే చోట్ల గురించి, యాప్‌ల గురించి ఇక్కడ అడగొద్దు. మన తెలంగాణలో 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధం కిందికి తెచ్చారు. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా ఆపేసింది. ఇక్కడ మాట్లాడుకునేది ఆట లెక్క, ఆలోచన మాత్రమే.

లెక్కల సార్, నకిరేకల్
జరీ అమ్మా, మీరు రమ్మీ భాషలో చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. దాన్ని అంకెల్లో పెడతాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

కోట తమ్ముడు చేసిన లెక్క చిప్స్‌ది. అది తప్పు కాదు. కానీ చిప్స్ ఇంటికి తీసుకుపోలేం, ఇంటికొచ్చేది కూపనే. కాబట్టి 28,000 చిప్స్‌కు ఎన్ని రూపాయలు, 60,000 చిప్స్‌కు ఎన్ని రూపాయలు అన్నది చూడాలి. మామూలు మూడు ముక్కలాటలో ఈ బాధ లేదు, ముందున్న పైసలే పైసలు. టోర్నమెంట్‌లో చిప్స్ రెట్టింపు అయితే విలువ రెట్టింపు కాదు. అక్కడే అందరం జారిపడతాం.

ఈ విలువ కట్టే పద్ధతిని ఐసీఎం (ఇండిపెండెంట్ చిప్ మోడల్) అంటారు. దీని మూలం గుర్రప్పందేల్లో ఉంది. ఏ గుర్రానికి రెండో స్థానం, ఏ గుర్రానికి మూడో స్థానం వచ్చే అవకాశం ఎంతో చెప్పే సూత్రాన్ని 1973లో హార్విల్ అనే గణాంకవేత్త రాశాడు. అలాంటి లెక్కనే 1987లో పోకర్ రచయిత మేసన్ మాల్‌మత్ పోకర్ టోర్నమెంట్లకు తెచ్చాడు. హైదరాబాద్ పోతూ మలక్‌పేట రేసుకోర్సు పక్కనుంచి బస్సులో ఎన్నిసార్లు పోయానో. అలాంటి గుర్రాల లెక్క పట్టుకుని రిటైరయ్యాక కాగితాలు నింపుతానని అప్పుడు అనుకోలేదు.

పద్ధతి చాలా సులువు. మొదటి స్థానం వచ్చే అవకాశం అంటే మొత్తం చిప్స్‌లో మన వాటా. రెండో స్థానానికి, ఇంకొకరు మొదట వచ్చారనుకుని వాళ్ల చిప్స్ తీసేసి, మిగిలినదానిలో మన వాటా చూడాలి. అలా ముగ్గురికీ విడివిడిగా చేసి కలపాలి. మూడో స్థానానికి ఇద్దరిని తీసేయాలి.

గట్టు ఫోల్డ్ చేసి ఉంటే, బావ 52,000, గట్టు 28,000, వదిన తమ్ముడు 32,000, పిల్లగాడు 8,000. మొత్తం 1,20,000. గట్టు మొదటి స్థానంలో వచ్చే అవకాశం 23.3 శాతం, రెండు 28 శాతం, మూడు 33.5 శాతం. రూపాయల్లో 2,333, 1,680, 1,338. కలిపితే సుమారు 5,350. తమ్ముడూ, నువ్వు ఏ ముక్కలూ ఆడకుండా ఆ నిమిషంలో నీ చేతిలో ఉన్నది ఇది.

కాల్ చేసి గెలిస్తే నీకు 60,000, బావకు 20,000, మిగతా ఇద్దరూ ఎక్కడివాళ్లక్కడే. మళ్లీ అదే లెక్క చేస్తే సుమారు 7,500 వస్తుంది. చూశావా, చిప్స్ 28,000 నుంచి 60,000కు పోయాయి, రెట్టింపు కంటే ఎక్కువ. రూపాయలు మాత్రం 5,350 నుంచి 7,500కే పెరిగాయి. ఓడితే సున్నా.

5,350ని 7,500తో భాగిస్తే 71 శాతం పైన. నూటికి 71 సార్లు గెలిచే ముక్కలు కావాలి నీకు. కోట లెక్కలో 47, ఈ లెక్కలో 71. బావ నిజంగా చూడకుండా తోశాడనుకున్నా ఆసు–రాణికి 64 మాత్రమే. ఆసు–రాజుకు కూడా 65 దాటి కొంచెమే. ఎనిమిదుల జతకు 69. తొమ్మిదుల జతకు 72. అంటే బావ ఏ ముక్కలతోనైనా తోస్తాడని ప్రమాణం చేసి చెప్పినా, నీ కాల్ తొమ్మిదుల జత నుంచి మొదలవ్వాలి. చెత్త ముక్కలు వదిలేసి సగం ముక్కలతోనే తోస్తున్నాడనుకుంటే పదుల జత కూడా అంచు మీదికి వస్తుంది.

అదే కాల్ చిప్స్‌లో 10,000 లాభం, రూపాయల్లో దాదాపు 500 నష్టం. నీకు ఎక్కడో గుచ్చుకుంటున్నది ఇదే. ఐదో ముక్క ఎనిమిది కాకుండా ఇంకేది పడినా ఈ నష్టం మారేది కాదు.

దేవరకొండ కోట
సార్, నాలుగుసార్లు చదివి కాగితం మీద వేసి చూశా. నాకూ 71 వచ్చింది. నా మాట వెనక్కి తీసుకుంటున్నా.

జడ్చర్ల జంక్షన్
నేను అంత తొందరగా వెనక్కి తీసుకోను సార్. మీ మీద గౌరవంతోనే అడుగుతున్నా. ఇలా ఆసు–రాణి కూడా పారేసుకుంటూ కూర్చుంటే ఎప్పుడూ మూడో బహుమతే. 60,000 వస్తే ఆ తర్వాత టేబుల్ మీద పెత్తనం గట్టుది. బావ చేసినట్టే తనూ మిగతావాళ్లను తోసి తోసి భయపెట్టొచ్చు. మీ గుర్రాల సూత్రానికి ఆ పెత్తనం కనబడుతుందా?

లెక్కల సార్, నకిరేకల్
కనబడదు. నీ ప్రశ్న న్యాయమైనదే జంక్షన్. ఐసీఎంకు ఆటగాడి నైపుణ్యం తెలియదు, ఎవరు ఎక్కడ కూర్చున్నారో తెలియదు, బ్లైండ్ ఎప్పుడు ఎవరి మీద పడుతుందో తెలియదు. అందుకే 71 అన్నది రాతి మీద గీత కాదు. గెలిస్తే వచ్చే పెత్తనానికి విలువ కట్టి రెండు మూడు తగ్గించుకో, నేను ఒప్పుకుంటా. ఆసు–రాణికి 64 దాకా రావాలంటే ఏడు తగ్గాలి.

పైగా ఆ లెక్కకు కనబడని ఇంకో విషయం నీ వాదనకు ఎదురు నిలుస్తుంది. బటన్ పిల్లగాడి దగ్గర ఉంది. తర్వాతి హ్యాండ్‌లో బటన్ బావకు, బిగ్ బ్లైండ్ వదిన తమ్ముడికి. ఆ తర్వాతి హ్యాండ్‌లోనే పిల్లగాడి బిగ్ బ్లైండ్. 8,000లో 2,000 అక్కడే పోతుంది. గట్టు ఇంకో రెండు హ్యాండ్లు ఊపిరి బిగబట్టి ఉంటే చాలు.

ఒకవేళ బహుమతి ఒక్కటే అయి, మొత్తం 20,000 మొదటి వాళ్లకే అయితే, నువ్వు మొదట చెప్పిన మాటే సరి. 47 చాలు, కళ్లు మూసుకుని కాల్.

డాలస్‌లో కొల్లాపురం
సార్ చెప్పిన దానికి ఇంకా గట్టి ఉదాహరణ నా దగ్గరుంది. ఇక్కడ అమెరికాలో శాటిలైట్ అనే టోర్నమెంట్లు ఉంటాయి. లాస్‌వేగాస్‌లో ఏటా జరిగే వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్‌లో ప్రధాన టోర్నమెంట్ అయిన మెయిన్ ఈవెంట్ ఎంట్రీ 10,000 డాలర్లు. అంత పెట్టలేనివాళ్లు చిన్న ఫీజుతో శాటిలైట్ ఆడి సీటు గెలుచుకోవచ్చు. 2003లో మెయిన్ ఈవెంట్ గెలిచిన క్రిస్ మనీమేకర్ అలా ఆన్‌లైన్ శాటిలైట్ నుంచి వచ్చినవాడే.

శాటిలైట్‌లో ఐదు సీట్లు ఉంటే మొదట వచ్చినా ఐదో స్థానంలో వచ్చినా అదే సీటు. మూడేళ్ల కింద నేనొకటి ఆడా. ఆరుగురం మిగిలాం, సీట్లు ఐదు. చిప్స్‌లో నేను రెండో స్థానం. ఎదురుగా ఒకాయన దగ్గర ఒక్క బ్లైండ్‌కు సరిపడా చిప్సే మిగిలాయి. అప్పుడు నాకు రాజుల జత వచ్చింది, నాకంటే ఎక్కువ చిప్స్ ఉన్న మనిషి ఆల్-ఇన్ తోశాడు. చెయ్యి వణికింది. రాజులను బోర్లా పెట్టి డీలర్ వైపు జరిపేశా. ఇంకో రెండు హ్యాండ్లకు ఆ ఒక్క బ్లైండ్ ఆయన పోయాడు, నాకు సీటు వచ్చింది. ఆ పరిస్థితిలో ఆసుల జతనైనా పారేయాల్సిందే. గెలిస్తే అదనంగా ఏమీ రాదు, ఓడితే ఉన్నది పోతుంది.

నల్లగొండలో మా హాస్టల్ గదిలో నేర్చుకున్న ఆటలో ఎవరైనా ఇలా చెబితే నేను నమ్మేవాణ్ణి కాదు.

డిండి వాగు
లెక్కలన్నీ బాగున్నాయి. నేను వేరే సంగతి అడుగుతా గట్టు అన్నా. కాల్ అనే ముందు ఎంతసేపు ఆలోచించావు? నాకు తెలిసి ఇలాంటి కాల్స్ ముక్కలు చూసి చేసేవి కావు, ఎదుటి మనిషి ముఖం చూసి చేసేవి. మా ఇంట్లో ఒకరు ఆన్‌లైన్ ముక్కలాటలో కౌలు డబ్బంతా పోగొట్టుకున్నారు. ప్రతిసారీ ఆయన చెప్పింది ఒక్కటే, "మంచి ముక్కలు, ఎట్ల వదలాలె". మంచి ముక్కలను వదలడం ఎవరూ నేర్పలేదు ఆయనకు. అందుకే ఈ చర్చ నాకు ముఖ్యం.

పానగల్లు గట్టు
వాగు తమ్ముడూ, సూటిగా అడిగావు, సూటిగా చెబుతా. నేను ఆలోచించలేదు.

బావ చిప్స్ తోసి, స్టీలు గ్లాసులో చాయ్ ఒక గుక్క తాగి, "ఏం మరిదీ, పడుకుంటవా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మా ఆవిడ కూడా గుమ్మంలో నిలబడి చూస్తోంది. రాణి కనబడగానే నా నోట్లోంచి కాల్ వచ్చేసింది. ఒకసారి నోటితో అన్నాక వెనక్కి తీసుకోవడం లేదని చిన్నబావ మొదట్లోనే చెప్పాడు. ఆ మాట అనేటప్పటికి నా చిప్స్ ఎన్నో కూడా నేను లెక్కపెట్టుకోలేదు. 30,000 అన్నది తర్వాత ఆయన లెక్కపెడితే తెలిసింది.

పిల్లగాడి వైపు ఒక్కసారి కూడా చూడలేదు. అతను నాకు రెండు మూరల దూరంలో మోకాళ్లు మడుచుకుని, మిర్చి బజ్జీ చేతిలో పట్టుకుని తినడం మర్చిపోయి, నా ముక్కల వైపే చూస్తున్నాడట. మా ఆవిడ తర్వాత చెప్పింది.

గద్వాల జరీ
గట్టు గారూ, ఇది చదివాక నాకు చాలా బాధేసింది. అలా అందరిముందు అనిపించుకుంటే ఎవరికైనా అలాగే అవుతుంది. వచ్చేసారి ఒక పని చేయండి. ఎవరు తోసినా ముందు "ఎంత?" అని అడగండి. చిప్స్ లెక్కపెట్టించండి. ఆ అర నిమిషంలో మిగతావాళ్ల దగ్గర ఎన్ని ఉన్నాయో చూసుకోండి. రమ్మీలో నేను ముక్కలు సర్దుకునేలోపు స్కోరు కాగితం అడిగేది అందుకే.

పెద్దబావ
ఆ పెద్దబావను నేనే. మా మరిది నిన్న లింకు పంపితే మొత్తం చదివి, ఈరోజే మెంబర్‌గా చేరాను.

ముందుగా, ఆ మాట అన్నందుకు మరిదికి ఫోన్ చేసి చెప్పా, ఇక్కడ కూడా చెబుతున్నా. అలా అనకుండా ఉండాల్సింది. ఇక ఆట సంగతి. నాకు లెక్కలు రావు గానీ పిల్లగాడు ఉన్నంతసేపు ఎవరూ నాకు ఎదురురారని తెలుసు, అందుకే పది–ఎనిమిదితో తోశా. మరిది కాల్ అనగానే నా గుండె జారింది. ఆసు–రాణి చూసి అయిపోయింది అనుకున్నా. సార్, నేను చేసింది ఒప్పా తప్పా?

లెక్కల సార్, నకిరేకల్
పెద్దబావ గారూ, మీరు వచ్చి రాసినందుకు సంతోషం. తోయడం ఒప్పే. తోసే మనిషికి రెండు దారులున్నాయి, ఎదుటివాడు తప్పుకున్నా లాభం, ముక్కలు కలిసొచ్చినా లాభం. కాల్ చేసే మనిషికి ఒక్కటే దారి, ముక్కలు గెలవాలి. అందుకే తోయడానికి చాలిన ముక్కలు కాల్‌కు చాలవు. దీన్ని గ్యాప్ కాన్సెప్ట్ అని పోకర్ రచయిత డేవిడ్ స్క్లాన్‌స్కీ ఎప్పుడో చెప్పాడు.

కానీ మీ గుండె ఎందుకు జారిందో అది కూడా లెక్కకు అందుతుంది. మరిది ఫోల్డ్ చేస్తే మీ 52,000 విలువ సుమారు 7,035 రూపాయలు. కాల్ చేశాక, పది–ఎనిమిదికి 38 శాతం అనుకుంటే, మీ విలువ సగటున 6,100కు పడిపోయింది. 900 పైగా నష్టం. మరిది వైపు, 7,500లో 62 శాతం అంటే 4,650. ఫోల్డ్ విలువ 5,350. అక్కడ 700 నష్టం. ముక్కలు తిప్పిన క్షణానికి మీ ఇద్దరూ కలిసి 1,600 పోగొట్టుకున్నారు.

అది ఎక్కడికి పోయింది? మొత్తం 20,000 అలాగే ఉంది కదా. చెయ్యి కదపకుండా కూర్చున్న ఇద్దరికి పోయింది. బజ్జీ పట్టుకున్న పిల్లగాడికీ, గట్టు వదిన తమ్ముడికీ.

డాలస్‌లో కొల్లాపురం
ఇంతకీ ఆ పిల్లగాడు ఏమయ్యాడు?

పానగల్లు గట్టు
రెండో స్థానం. నేను లేచిపోయాక రెండుసార్లు డబుల్ అయ్యాడు. 6,000 కూపన్‌తో వాళ్లమ్మకు మిక్సీ కొన్నాడు. మొన్న బావ వాళ్లింటికి పోతే ఆమె పిలిచి ఆ మిక్సీలో రుబ్బిన అల్లం చట్నీతో దోసెలు పెట్టింది.

సార్, ఒక్క చివరి ప్రశ్న. తోసింది బావ కాకుండా ఆ పిల్లగాడే అయితే, అదే ఆసు–రాణితో?

లెక్కల సార్, నకిరేకల్
వెంటనే కాల్. అక్కడ పోయేది 8,000, ఇంకా 22,000తో కూర్చునే ఉంటావు. గెలిస్తే ముగ్గురే మిగులుతారు, 4,000 ఖాయం. అవే ముక్కలు, ఎదుటి మనిషి దగ్గరున్న చిప్స్ మారితే జవాబు మారిపోతుంది.

పెద్దబావ
మరిదీ, సంక్రాంతికి మళ్లీ మా మేడ మీదే. చిన్నబావ కూపన్లు పంపుతానన్నాడు. ఇప్పుడే ఒకటి అడుగుతా చెప్పు. అవే చిప్స్, అదే పిల్లగాడు, నేను స్మాల్ బ్లైండ్‌లో తోశా. నీకు ఎనిమిదుల జత.

పానగల్లు గట్టు
ముందు నీ చిప్స్ లెక్కపెట్టమంటా బావా. 50,000 అని తేలితే ఫోల్డ్.